రెండో బిల్డ్ దగ్గరే అసలు పని: బ్రౌజర్ ఇంజిన్‌లోకి దిగేవారికి

బ్రౌజర్ ఇంజిన్ సోర్సు కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చే పని, అంటే నా మొదటి బిల్డ్, 3 గంటల 40 నిమిషాలు నడిచి, ఇంకాసేపట్లో పూర్తవుతుందనగా ప్రాణం విడిచింది. తెర మీద మిగిలింది ఒకే మాట: ‘కిల్డ్’. ఎవరు చంపారో, ఎందుకు చంపారో ఏమీ లేదు. కంపైలర్‌ను తిట్టాను, ప్రాజెక్టు వారిని తిట్టాను, కాసేపు రస్ట్ భాషనూ తిట్టాను. తెల్లారాక తీరిగ్గా చూస్తే హంతకుడు ఆపరేటింగ్ సిస్టమే. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌కు నేను ఒకేసారి ఎనిమిది పనులు అప్పగించాను. మెమరీ నిండిపోయింది. లినక్స్ తన ప్రాణం కాపాడుకోవడానికి, అందరికన్నా ఎక్కువ తింటున్న లింకర్‌ను (కంపైలైన ముక్కలను ఒక్కటిగా కుట్టేదాన్ని) పట్టి చంపేసింది. సిస్టమ్ లాగ్‌లో ఆ సంగతంతా వివరంగానే ఉంది. అక్కడ చూడాలని తెలియంది నాకే.

నేను పన్నెండేళ్లు జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ని. బ్రౌజర్ లోపల ఏం జరుగుతుందో చూడాలన్న కుతూహలంతో మొదలైంది ఈ వ్యవహారం. ఇప్పుడు నా సాయంత్రాలన్నీ ఇంజిన్ కోడులోనే, అంటే హెచ్‌టీఎంఎల్‌ను చదివి పేజీగా గీసే భాగంలోనే, గడుస్తున్నాయి. నేను పోగొట్టుకున్న వారాలు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను. మీకు ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష బాగా వచ్చు, గిట్ వాడడం తెలుసు అనుకుంటున్నాను. సీ ప్లస్ ప్లస్, రస్ట్ రాకపోయినా ఫరవాలేదు, దారిలో నేర్చుకోవచ్చు. నాకూ అలాగే వచ్చాయి, వచ్చినంత.

ఏ ఇంజిన్ తీసుకోవాలి

అందరూ వాడేది క్రోమియం కదా అని చాలామంది అక్కడికే వెళ్తారు. వెళ్లకండి. మొదటిసారికి వద్దు. దాని బిల్డ్ సూచనలే కనీసం 100 జీబీ ఖాళీ స్థలం అడుగుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో ‘ఆర్టిఫాక్ట్ బిల్డ్’ అనే తేలిక దారి ఒకటుంది. ముందే కంపైల్ చేసిన సీ ప్లస్ ప్లస్, రస్ట్ భాగాలను దించుకుని నిమిషాల్లో బ్రౌజర్‌ను నిలబెడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, మనకు కావలసిన ఇంజిన్ ఆ దించుకున్న భాగాల్లోనే మూసుకుని ఉంటుంది. మెనూలు, సెట్టింగులు మార్చేవారికి అది పనికొస్తుంది.

ఇక్కడ కాస్త వంశవృక్షం చెప్పాలి, ఎందుకంటే కోడు చదువుతుంటే పాత పేర్లు ఎదురవుతూనే ఉంటాయి. 1998లో కేడీఈ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టులో కేహెచ్‌టీఎంఎల్ అనే చిన్న ఇంజిన్ మొదలైంది. 2001లో ఆపిల్ దాన్ని వేరుచేసి వెబ్‌కిట్‌గా పెంచింది. 2003లో సఫారీతో పాటు ఆ సంగతి బయటపెట్టింది. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి, క్రోమియంలో ఉండే బ్లింక్ పెట్టుకుంది. మరో వైపు నెట్‌స్కేప్ 1998 మార్చి 31న తన సోర్సును విడుదల చేసింది. ఆ దారిలో వచ్చింది ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెక్కో. మీ ఫోనులోని బ్రౌజర్ ప్రతి సైటుకూ తనను పరిచయం చేసుకునే వరుసలో ‘కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెక్కో’ అన్న మాటలు నేటికీ ఉండే అవకాశమే ఎక్కువ. తాతల పేర్లు చెప్పుకుని తలుపు తట్టడమన్నమాట.

కొత్తవారికి నేను చెప్పేది రెండే పేర్లు: సర్వో, లేడీబర్డ్. సర్వోను 2012లో మొజిల్లా పరిశోధన విభాగం రస్ట్‌లో మొదలుపెట్టింది. దానిలో సీఎస్‌ఎస్ చూసుకునే స్టైల్ భాగమైన స్టైలో 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లోకి వెళ్లింది. 2020లో మొజిల్లా ఆ బృందాన్ని తీసేశాక ప్రాజెక్టు లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వచ్చింది. 2023 నుంచి ఇగాలియా అనే ఓపెన్ సోర్స్ సంస్థ ఇంజనీర్లు మళ్లీ ఊపు తెచ్చారు. లేడీబర్డ్ సెరెనిటీఓఎస్ అనే అభిరుచి ఆపరేటింగ్ సిస్టమ్‌లో పుట్టి, 2024లో దాని నుంచి విడిపోయి సొంత లాభాపేక్ష లేని సంస్థ కింద నడుస్తోంది. పాత ఇంజిన్ల కోడు అరువు తెచ్చుకోకుండా ప్రమాణాలు చదువుకుంటూ రాసిన ఇంజిన్ అది. సీ ప్లస్ ప్లస్ ఇష్టమైతే లేడీబర్డ్, రస్ట్ ఇష్టమైతే సర్వో. రెండింటిలోనూ చేయాల్సిన పని ఇంకా బోలెడు మిగిలి ఉంది, కొత్తవాడికి కావలసింది అదే. నిండిన ఇంట్లో కొత్త మనిషికి పని దొరకదు.

నేను సర్వోను ఉదాహరణగా తీసుకుంటాను. కమాండ్ల పేర్లు మారినా, పద్ధతి అన్నిచోట్లా ఇదే.

మొదటి బిల్డ్

సోర్సు దించుకునే ముందు ఒక్క మాట. ఈ రిపోజిటరీలు పెద్దవి. సర్వోలోనైతే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్టుల (ఇంజిన్ ప్రమాణాల ప్రకారం నడుస్తోందా అని చూసే పరీక్షల) పూర్తి కట్ట కూడా లోపలే ఉంటుంది. చరిత్ర అక్కరలేదని తాజా కమిట్ ఒక్కటే దించుకోవచ్చు, కానీ నాలుగు రోజుల తరువాత ‘ఈ వరుస ఎవరు, ఎందుకు రాశారు’ అని గిట్ బ్లేమ్ అడగబోతే సమాధానం ఉండదు. ఇంజిన్ కోడులో ఆ ప్రశ్న రోజూ వస్తుంది. అందుకని కమిట్ల చరిత్ర మొత్తం తెచ్చుకుని, పాత ఫైళ్లను అవసరమైనప్పుడు మాత్రమే లాక్కునే పద్ధతి వాడండి. గిట్ క్లోన్‌లో ఫిల్టర్ అనే ఐచ్ఛికానికి ‘బ్లాబ్ నన్’ అని ఇస్తే సరిపోతుంది.

ఆ తరువాత ‘మాక్ బూట్‌స్ట్రాప్’. మాక్ అంటే పైథాన్‌లో రాసిన పెద్ద పనిమంతుడు; కావలసిన లైబ్రరీలను తెచ్చి పెడుతుంది. రస్ట్ ఏ వెర్షన్ కావాలో రిపోజిటరీలోని ఒక చిన్న ఫైలులో రాసి ఉంటుంది, రస్టప్ దాన్ని చూసి అదే వెర్షన్ దించుతుంది. మీ కంప్యూటర్లో కొత్త వెర్షన్ ఉంది కదా అని దాన్ని బలవంతంగా వాడకండి. లేడీబర్డ్‌లో ఇదే పాత్ర సీమేక్, వీసీప్యాకేజీ కలిసి పోషిస్తాయి.

ఇక ‘మాక్ బిల్డ్’. మెమరీ తక్కువైతే ఒకేసారి నడిచే పనుల సంఖ్య తగ్గించండి. ఒక్కో కంపైల్ పని 1 నుంచి 2 జీబీ వరకు తినేయగలదు. 8 జీబీ ఉంటే రెండు మూడు పనులు చాలు. నెమ్మదిగా నడిచి పూర్తయ్యే బిల్డ్, వేగంగా నడిచి చచ్చే బిల్డ్ కన్నా ముందే ఇంటికి చేరుతుంది. స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) ఒకటి పెట్టుకుంటే చివర్లో లింకర్‌కు ఊపిరాడుతుంది. యాంటీవైరస్ ఉన్న యంత్రమైతే బిల్డ్ ఫోల్డర్‌ను దాని పరిధి నుంచి తప్పించండి. పుట్టే ప్రతి ఫైలునూ అది ఆపి సోదా చేస్తుంటే తెల్లవారుతుంది.

తప్పులు వస్తే చివరి వరుస చూడకండి. అక్కడ ఎప్పుడూ ‘బిల్డ్ విఫలమైంది’ అనే ఉంటుంది. పైకి జరుపుకుంటూ వెళ్లి మొట్టమొదటి తప్పును పట్టుకోండి. మిగిలిన రెండు వందలూ దాని పిల్లలు.

బిల్డ్ పూర్తయి, తెర మీద మీరు కంపైల్ చేసిన బ్రౌజర్ తెరుచుకుంటుంది. ఫొటో తీసుకోండి, తప్పులేదు. నేనూ తీసుకున్నాను. కానీ ఇప్పటివరకు మీరు ఇంజిన్ గురించి నేర్చుకున్నది సున్నా.

రెండో బిల్డ్

నేను వృథా చేసిన మొదటి నెల ఇక్కడిదే. ఒక్క వరుస మార్చి బిల్డ్ కొట్టేవాణ్ని, పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో ఏదో చదవడానికి పోయేవాణ్ని, తిరిగొచ్చేసరికి ఏ సందేహం తీర్చుకోవడానికి ఆ వరుస మార్చానో మరిచిపోయేవాణ్ని. రోజుకు నాలుగు ప్రయోగాలు. అదే నిమిషంలో జవాబు వచ్చిందంటే యాభై ప్రయోగాలు చేయవచ్చు. ఇంజిన్ అర్థమయ్యేది ఆ యాభైతోనే. కనుక మొదటి వారం ఏ బగ్ జోలికీ పోకుండా, ఒక వరుస మార్పు తెర మీదికి రావడానికి పట్టే సమయం తగ్గించడం మీదే కూర్చోండి.

ముందుగా తెలుసుకోవలసింది, దేన్ని ముట్టుకుంటే ఏది మళ్లీ కంపైల్ అవుతుందో. రస్ట్‌లో కంపైలర్ ఒక క్రేట్‌ను (కోడు పొట్లాన్ని) ఒక ముద్దగా తీసుకుంటుంది. సర్వోలో డామ్ (పేజీ మూలకాల చెట్టు) అంతా ఉండే ‘స్క్రిప్ట్’ క్రేట్ బ్రహ్మాండమైనది. అందులో కామా మార్చినా టీ తాగి రావచ్చు. లేఅవుట్ క్రేట్ అంతకన్నా చాలా తేలిక. సీ ప్లస్ ప్లస్‌లో ఈ బాధ హెడర్ ఫైళ్ల రూపంలో ఉంటుంది: అందరూ చేర్చుకునే ఒక హెడర్‌ను ముట్టుకున్నారంటే వందల ఫైళ్లు నిద్ర లేస్తాయి. అందుకే ప్రయోగం చేసేటప్పుడు హెడర్‌లో కాక అమలు ఫైలులోనే మార్పు పెట్టడం అలవాటు చేసుకోండి.

రెండోది లింకర్. ఒక ఫైలు మారినా మొత్తం బ్రౌజర్‌ను మళ్లీ కుట్టేది అదే. పాత లింకర్ స్థానంలో ఎల్‌ఎల్‌డీ గానీ మోల్డ్ గానీ పెట్టుకుంటే తేడా కంటికి కనిపిస్తుంది. డీబగ్ సమాచారాన్ని వరుస సంఖ్యల వరకే కుదిస్తే లింకర్ మోయాల్సిన బరువు ఇంకా తగ్గుతుంది. క్రాష్ అయినప్పుడు ఏ వరుసో తెలుస్తుంది, అది చాలు.

మూడోది, ప్రతిసారీ బిల్డ్ చేయకపోవడం. రాసింది భాషాపరంగా సరిపోతుందా అన్నంత వరకే కావాలంటే ‘మాక్ చెక్’ ఉంది. అది టైపులు సరిచూసి ఆగిపోతుంది, యంత్ర భాష తయారుచేయదు. రస్ట్‌లో నా కుస్తీలో సగం టైపులతోనే కాబట్టి ఇదే నన్ను ఎక్కువ ఆదుకుంది.

డీబగ్ బిల్డ్, రిలీజ్ బిల్డ్ రెండూ దగ్గర పెట్టుకోవాలా అని అడుగుతుంటారు. డిస్కు ఉంటే పెట్టుకోండి. డీబగ్ బిల్డ్ త్వరగా తయారవుతుంది, నడవడం మాత్రం నత్తనడక. వేగం కొలిచే పనికి అది పనికిరాదు. ఫోల్డర్లు వారాల తరబడి ఉబ్బుతూనే ఉంటాయి. ఓ రోజు డిస్కు నిండిపోయి అర్థంకాని తప్పులు మొదలవుతాయి, అప్పుడు శుభ్రం చేస్తాం. అందరం అంతే.

ఈ ఏర్పాట్లన్నీ పనిచేస్తున్నాయా అని చూసుకోవడానికి చక్కని పరీక్ష ఒకటుంది. ప్రతి ఇంజిన్‌లోనూ యూజర్ ఏజెంట్ స్టైల్‌షీట్ అనే మామూలు సీఎస్‌ఎస్ ఫైలు ఉంటుంది. ఏ స్టైలూ రాయని పేజీలో కూడా శీర్షిక పెద్దగా, పేరాల మధ్య ఎడంగా కనబడుతున్నాయంటే దాని చలవే. అందులో పేరా మార్జిన్ 1 ఈఎం అని ఉంటుంది. దాన్ని 5 చేయండి. బిల్డ్ చేసి ఏదైనా పేజీ తెరవండి. పేరాలన్నీ ఒకదానితో ఒకటి మాటలు మానేసినట్టు దూరంగా జరిగితే, మీ బిల్డ్ మీ మాట వింటోంది.

మూడు మాటల పేజీ

ఇప్పుడు ఇంజిన్ లోపలికి. పెద్ద సైటు ఏదీ తెరవకండి. నేను వాడే పేజీలో రెండే మాటలు ఉండేవి, తరువాత మూడోది చేర్చాను. అందులో ఉన్నది ఇది: పీ ట్యాగు తెరిచాను, ‘ఒకటి’ అని రాశాను, పీ మూయకుండా లోపలే డివ్ తెరిచి ‘రెండు’ అని రాసి డివ్ మూశాను, ఆపైన పీ మూశాను. చూస్తే ఒక పీ, దాని కడుపులో ఒక డివ్. ఇంజిన్ కట్టే చెట్టులో బాడీ కింద ఎన్ని మూలకాలుంటాయి?

మూడు. ఒక పీ, దాని పక్కన డివ్, దాని పక్కన ఇంకో పీ, ఖాళీది.

ఇది ఇంజిన్ తప్పు కాదు, హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో అక్షరాలా ఇలాగే ఉంది. డివ్ తెరిచే ట్యాగు వచ్చినప్పుడు పీ తెరిచి ఉంటే ముందు ఆ పీని మూసేయాలి. ఆ తరువాత పీ మూసే ట్యాగు వచ్చి, మూయడానికి తెరిచిన పీ ఏదీ లేకపోతే, దాన్ని తప్పుగా గుర్తించి, కొత్తగా ఒక పీ తెరిచి వెంటనే మూసేయాలి. తప్పు రాసినవారికి శిక్ష లేదు, తప్పును ఎలా సర్దాలో మాత్రం మెట్టు మెట్టుగా రాసి ఉంది. అన్ని బ్రౌజర్లూ చెత్త హెచ్‌టీఎంఎల్‌ను ఒకేలా అర్థం చేసుకుంటున్నాయంటే ఈ రాత వల్లే.

దీన్ని కోడులో వెతకండి. సర్వోలో ఈ పని చేసేది హెచ్‌టీఎంఎల్5ఎవర్ అనే లైబ్రరీ. దాని మొదటి సగం టోకెనైజర్: ప్రమాణంలో దానికి 80 స్థితులు ఉన్నాయి, ప్రతి స్థితిలో ‘ఫలానా అక్షరం వస్తే ఫలానా స్థితికి పో’ అని నియమాలు. రెండో సగం చెట్టు కట్టేది. అక్కడ డివ్ నియమం దగ్గర ఒక ముద్రణ వరుస పెట్టి, నా పేజీ నడిపాను. ‘పీ మూస్తున్నాను’ అని టెర్మినల్‌లో పడింది. లక్షల వరుసల కోడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.

మూడో మాట ఎందుకు చేర్చానంటే, ఆ ఖాళీ పీ కళ్లకు కనపడాలని. చివర ఇంకో డివ్ పెట్టి ‘మూడు’ అని రాశాను. ‘రెండు’కూ ‘మూడు’కూ మధ్య 16 పిక్సెళ్ల ఎడం వచ్చింది. రెండు డివ్‌లకూ మార్జిన్ లేదు కదా, ఈ ఎడం ఎక్కడిది? ఖాళీ పీకి పైన 16, కింద 16 మార్జిన్ ఉంది. లోపల ఏమీ లేదు కాబట్టి ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి 16 మిగిలింది. కనబడని మూలకం కనబడే ఖాళీ వదిలిపోయింది. పార్సర్‌లో పుట్టిన సంగతి లేఅవుట్‌లో తేలడం నాకు అర్థమైంది ఇక్కడే. ఒక్క పేజీ పట్టుకుని దిగువకు నడిస్తే భాగాలన్నీ వాటంతట అవే పరిచయమవుతాయి.

మధ్యలో స్టైల్ భాగం ఉంటుంది. అక్కడ ఒక్క విషయం గమనించండి చాలు: సెలెక్టర్లను ఇంజిన్ కుడి నుంచి ఎడమకు చదువుతుంది. ‘జాబితాలోని లింకు’ అంటే ముందు ‘ఇది లింకేనా’ అని చూసి, అవునంటేనే తల్లిదండ్రుల వైపు ఎక్కుతుంది. చాలా మూలకాలు మొదటి ప్రశ్న దగ్గరే రాలిపోతాయి. ఆ తరువాత లేఅవుట్ పెట్టెల చెట్టు కట్టి, కొలతలతో ఇంకో చెట్టు కడుతుంది. దాని నుంచి గీయాల్సిన వస్తువుల జాబితా తయారై, గీసే భాగమైన వెబ్‌రెండర్‌కు వెళ్తుంది. గీయడం గురించి నేను ఎక్కువ చెప్పను. గ్రాఫిక్స్ కార్డు వైపు నేను తొంగి చూడలేదు, చూసేవారి ముఖాలు చూశాను.

ఒక అక్షరం, ఆరు సంకేతాలు

అసలు సొంతంగా ఇంజిన్ రాయకూడదా? రాయండి. రెండు వారాలు రాయండి, తరువాత పారేయండి. నేనూ ఒక బొమ్మ ఇంజిన్ రాశాను. ఇంగ్లీషు పేజీలు బాగానే చూపించింది. అతిశయంతో తెలుగులో ‘స్త్రీ’ అని రాసి తెరిచాను. స వేరుగా, త వేరుగా, ర వేరుగా నిలబడ్డాయి; పొల్లులు, గుడి దీర్ఘం చుక్కల వలయాల మీద కూర్చుని నన్ను చూశాయి.

కారణం తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. ఆ ఒక్క అక్షరంలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. జావాస్క్రిప్ట్‌ను దాని పొడవు అడిగితే 6 అంటుంది. నేను ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ గీసుకుంటూ పోయాను. కానీ మనం చేత్తో ఎలా రాస్తాం? స రాసి, గుడి దీర్ఘం దాని నెత్తినే పెట్టి, ఆపైన తావత్తు, రావత్తు చేరుస్తాం. మెమరీలో చిట్టచివర ఉన్న గుర్తు తెర మీద మొట్టమొదటి హల్లుకు అతుక్కోవాలి. ఈ సర్దుబాటు చేసే పనిని షేపింగ్ అంటారు. చాలా ఇంజిన్లు దాన్ని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగిస్తాయి. వరుసగా ఉన్న సంకేతాలు, ఫాంటు ఇస్తే, ఫాంటులోని ఏ గ్లిఫ్ (అక్షర రూపం) ఎక్కడ పెట్టాలో జాబితా ఇస్తుంది. గ్లిఫ్‌ల సంఖ్య సంకేతాల సంఖ్యతో సమానంగా ఉండాలని లేదు, క్రమమూ అదే ఉండాలని లేదు.

అది తెలిశాక ఇంజిన్‌లో ఎక్కడెక్కడ ‘ఒక అక్షరం’ అన్న మాట దాగి ఉందో వెతకడం మొదలుపెట్టాను. కర్సర్ ఒక అడుగు జరగడం. ఎంపిక చేసినప్పుడు నీలి పట్టీ ఆగే చోటు. అక్షరాల మధ్య ఎడం పెంచే సీఎస్‌ఎస్ గుణం. దాన్ని సంకేతాల మధ్య పెట్టేస్తే ఒత్తులు ఊడి నడుస్తాయి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపే నియమం. వరుస చివర మాట పట్టకపోతే విరిచే చోటు. ఇవన్నీ ఇంగ్లీషులో పొరపాటున కూడా బయటపడని బగ్‌ల గూళ్లు. ఒత్తులూ గుణింతాలూ రోజూ రాసే మనకు ఇవి ఒక్క చూపులో దొరుకుతాయి. ఏ ఇంజిన్‌లో చేరినా మొదటి రోజే ఒక తెలుగు పేజీ ఇచ్చి, ఈ అయిదు చోట్లూ తడిమి చూడండి.

టెస్టు పట్టుకుని బగ్‌లోకి

ఇక పనిచేయడానికి ఏ బగ్ తీసుకోవాలి? ‘ఫలానా సైటు సరిగ్గా కనబడటం లేదు’ అన్నది తీసుకోకండి. దాని వెనక ఒక్క కారణం ఉండవచ్చు, ముప్పై ఉండవచ్చు. తప్పుతున్న టెస్టు ఒకటి తీసుకోండి. వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్టులు అన్ని ఇంజిన్లకూ ఉమ్మడి ఆస్తి. ఒకరు రాసినవి అందరూ నడుపుతారు. వీటిలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి జావాస్క్రిప్ట్‌తో ‘ఇది ఇంత ఉండాలి’ అని తేల్చేది. రెండోది రెఫ్‌టెస్ట్: రెండు పేజీలను వేర్వేరు దారుల్లో గీయించి, బొమ్మలు ఒకటేనా అని పోల్చి చూసేది.

నా మొదటి ప్యాచ్ పదకొండు వరుసలు. పేజీలో రాసే పెట్టెకు ‘మ్యాక్స్‌లెంగ్త్’ అనే గుణం ఉంది, ఎన్ని అక్షరాల వరకు రాయనివ్వాలో చెప్పేది. జావాస్క్రిప్ట్ నుంచి దానికి −5 లాంటి రుణసంఖ్య ఇస్తే ప్రమాణం ప్రకారం ‘ఇండెక్స్‌సైజ్‌ఎర్రర్’ రావాలి. నేను దిగిన కోడులో అది రాలేదు. రుణసంఖ్య అయితే ఎర్రర్ విసురు అని రాశాను. రాశాక నాలోని లెక్కల మనిషికి అనుమానం వచ్చింది: గుణం అసలు పెట్టకపోతే, చదివినప్పుడు వచ్చే విలువ −1. చదివితే వచ్చిన విలువనే తిరిగి పెట్టబోతే ఎర్రర్ అంటే అన్యాయం కదా? −1ని మినహాయిస్తూ ఒక షరతు చేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రివ్యూ చేసినాయన అడిగింది ఒకే ప్రశ్న: “ఈ షరతు స్పెక్‌లో ఏ మెట్టు?” స్పెక్ అంటే ఆ ప్రమాణం రాతే. వెళ్లి చూశాను. ఏ మెట్టూ కాదు. −1 చదవవచ్చు, పెట్టకూడదు, రాసింది అదే. జీతాల లెక్కల్లో ‘ఉద్దేశం ఇదై ఉంటుంది’ అని సర్దుకుపోయిన అలవాటు ఇక్కడ చెల్లలేదు. నాకు తర్కంగా తోచింది ఒక్క ఇంజిన్‌లో పెట్టేస్తే, ఇంకో మూడు ఇంజిన్లలో అదే పేజీ వేరేగా నడుస్తుంది. షరతు తీసేశాను.

ఆ రోజు నుంచి ముందు స్పెక్ మెట్లను అక్షరాలా వ్యాఖ్యలుగా అతికించి, ఒక్కో మెట్టు కింద దాని కోడు రాస్తున్నాను. సర్వోలో, లేడీబర్డ్‌లో కోడు ఇలాగే ఉండటం చూస్తారు. ఏ మెట్టు వదిలేశామో చూడగానే తెలుస్తుంది, రివ్యూ చేసేవారికి సగం పని తగ్గుతుంది. స్పెక్ చదవడం మొదట్లో విసుగే. దాన్ని వ్యాసంలా చదివితే నిద్ర వస్తుంది; ప్రోగ్రాములా, కాగితం మీద వేరియబుల్ విలువలు రాసుకుంటూ నడిపితే నడుస్తుంది.

టెస్టుల దగ్గర మరో వింత. నా మార్పు తరువాత టెస్టులు నడిపితే మూడు ఎర్ర వరుసలు వచ్చాయి. సాయంత్రమంతా నా కోడులో తప్పు వెతికాను. లేదు. చివరికి ఆ వరుసలను పూర్తిగా చదివితే అర్థమైంది: అవి తప్పలేదు, గెలిచాయి. ఏ టెస్టు ఇప్పటికి తప్పుతుందో ముందే రాసిపెట్టుకున్న ఫైళ్లు ఉంటాయి. తప్పుతుందని రాసి ఉన్నది గెలిచినా అది ‘అనుకోనిది’ కిందే లెక్క. ఆ ఫైలులో సంబంధిత వరుసలు తీసేసి, ఆ మార్పును కూడా ప్యాచ్‌లో చేర్చాలి. వరుసలు తొలగించడానికి ఇంత ఆనందించింది నేను ఇంకెప్పుడూ లేదు.

పంపే ముందు చిల్లర పనులు: ‘మాక్ ఫార్మాట్’ లాంటి సర్దే కమాండు, ‘టెస్ట్ టైడీ’ అనే శుభ్రత తనిఖీ, కమిట్‌కు సైన్-ఆఫ్ వరుస. సర్వోలో ఆ వరుస లేకపోతే ప్యాచ్ కలపరు. ఈ కోడు ఇచ్చే హక్కు నాకుంది అని మీరు చెప్పే మాట అది. వివరణలో ఏం మార్చానన్నది కాక, ఏ టెస్టు గెలిచింది, స్పెక్‌లో ఏ భాగం అన్నది రాయండి. కోడును చూస్తే మార్పు ఎలాగూ కనిపిస్తుంది.

పంపాక వారం వరకు ఎవరూ పలకకపోవచ్చు. చూసేవారికీ వేరే పనులుంటాయి. ఓ వారం ఆగి మర్యాదగా ఒక వరుస రాయండి. ఈలోగా అదే ఫైలు చుట్టుపక్కల ఇంకో చిన్న టెస్టు తీసుకోండి. ఆ వీధి ఇప్పుడు మీకు తెలిసిన వీధి కదా, కొత్త ఊరికి పోనక్కరలేదు.

ప్యాచ్ కలిశాక ప్రధాన బ్రాంచిని మళ్లీ లాగుతారు. ఈలోగా పదులకొద్దీ కమిట్లు వచ్చి ఉంటాయి, రస్ట్ వెర్షన్ కూడా మారి ఉండవచ్చు. అంటే మళ్లీ పూర్తి బిల్డ్. దాన్ని పనికి కూర్చున్నప్పుడు మొదలుపెట్టకండి. రాత్రి పడుకునే ముందు, పనుల సంఖ్య రెండుకు తగ్గించి, స్వాప్ తెరిచి ఉంచి, ల్యాప్‌టాప్ మూత పడితే నిద్రపోకుండా సెట్టింగు మార్చి, ఎంటర్ నొక్కి వెళ్లండి. ఆ చివరి సెట్టింగు నేను రెండుసార్లు మరిచాను.